ఆపింది కూత ఒక్కటే

“నేను రాను. ఈ కుర్చీలోంచి లేవను. ఇంకొక్కసారి అడిగారంటే కాఫీ కలుపుకుని తాగేస్తా,” అంది అత్తగారు.

ఆ బెదిరింపుకి కొడుకూ కోడలూ ఒక్కసారే గతుక్కుమన్నారు. మోకాలి ఆపరేషన్‌కి ఖాళీ కడుపుతో రమ్మన్నారు డాక్టర్లు. ఒక్క గుక్క లోపలికి పోయినా ఇవాళ్టికి ఆపరేషన్ లేనట్టే. మళ్ళీ ఎప్పుడు పిలుస్తారో ఎవరికీ తెలీదు. ఆవిడేమో మంచం దిగి స్నానాలగదిదాకా వెళ్ళాలన్నా గోడ పట్టుకుని నడిచే స్థితికి వచ్చింది.

కింద టాక్సీవాడు మళ్ళీ హారన్ కొట్టాడు.

“అమ్మా, టాక్సీ వచ్చి నిలబడింది,” అన్నాడు కొడుకు.

“నిలబడనీ. దానికి మోకాళ్ళ నొప్పులుండవు.”

“అత్తయ్యా, థియేటర్లో అందరూ మీకోసమే చూస్తుంటారు,” అంది కోడలు.

“ఏ థియేటరు? ఆ రెండో నంబరేగా? మీరిద్దరూ ఏ థియేటర్ గురించి కొట్టుకుంటున్నారో అదేగా? అక్కడ కరెంటు చూడాల్సినవాడేమో ఇంట్లో కూర్చున్నాడు. లోపల నిలబడేదానికేమో వాడితో మాటల్లేవు. నేను పోయి ఆ బల్ల మీద పడుకోవాలి! ఎంత గుండె కావాలి నాకు?”

అత్తగారిని అందరూ మిషనమ్మ అంటారు. ఆ పేరు వీధిలో తెలియనివాళ్ళు లేరు. కుట్టుమిషన్ తొక్కీ తొక్కీ ఆ మోకాళ్ళని అరగదీసుకున్న మనిషి. కొలత తీసుకునేటప్పుడు ఎంత గొప్పవాళ్ళనైనా కదలనిచ్చేది కాదు. ఇప్పుడు తనే కదలనని భీష్మించుకుంది.

కొడుకు ఆస్పత్రిలో కరెంటు పనులు చూస్తాడు. అక్కడ అందరూ కరెంటాయన అనే పిలుస్తారు. కోడలు అదే ఆస్పత్రిలో ఆపరేషన్ థియేటర్ నర్సు. వారం నుంచీ ఇద్దరూ ఉప్పూ నిప్పూలా ఉన్నారు. ఉప్పు డబ్బా ఎక్కడుందో కూడా అత్తగారి చేతే అడిగించుకుంటున్నారు.

“అమ్మా, ఆవిడ సూపరింటెండెంట్‌తో ఏమందో ఆవిణ్ణే చెప్పమను,” అన్నాడు కొడుకు గోడవైపు చూస్తూ.

“అత్తయ్యా, చెప్పీ చెప్పీ నా నోరు నొప్పి పుడుతోంది. ‘మా ఆయన వచ్చి ఆపేశారు సార్’ అన్నాను. కూతని ఆపేశారని నా ఉద్దేశం.”

“ఆ మాటలో కూత ఎక్కడుందో అడగమ్మా.”

“చెవులు చిల్లులు పడేలా కూస్తుంటే ఇంకేం ఆపుతారండీ? గోడగడియారమా?”

వారం తర్వాత మొదటిసారి మొగుణ్ణి నేరుగా అడిగేసింది. ఆ సంగతి గుర్తొచ్చి నాలిక కరుచుకుంది. అతను కూడా జవాబు చెప్పబోయి, చెప్పకూడదని గుర్తొచ్చి, తల్లి సంచీ జిప్పు తీసి మళ్ళీ వేశాడు.

రెండో నంబరు థియేటర్లో గోడకి ఒక డబ్బా ఉంటుంది. దానికి నోరు తిరగని పేరేదో ఉంది గానీ, ఆస్పత్రిలో అందరూ కాపలా డబ్బా అంటారు. ఆ గదిలోకి వచ్చే కరెంటు మన ఇళ్ళల్లోకి వచ్చే కరెంటులాంటిది కాదు. దాని ట్రాన్స్‌ఫార్మర్ వేరు. భూమితో పొత్తు లేకుండా వస్తుంది. ఏ మిషన్‌లోనో వైరు చెడి, కరెంటు భూమిలోకి దారి వెతుక్కుందనుకోండి, ఇంట్లో అయితే ఫ్యూజు కొట్టేసి అంతా ఆరిపోతుంది. మనిషిని కోసి పెట్టిన చోట అలా ఆరిపోతే ఎలా? అందుకే అక్కడ మొదటి తప్పుకి కరెంటు పోదు. ఎవరికీ షాక్ కొట్టదు. డబ్బా మీద పచ్చదీపం పోయి ఎర్రదీపం వెలుగుతుంది, కూత మొదలవుతుంది. రెండో తప్పు జరిగేలోపల మొదటిదాన్ని పట్టుకోండి మహానుభావా అని దాని గోల.

ఆ కూత ఆపడానికి కింద ఒక బొత్తాం ఉంది. అది నొక్కితే గోల ఆగుతుంది. కాపలా ఆగదు.

పోయిన వారం ఎవరికో ఆపరేషన్ జరుగుతుండగా డబ్బా కూసింది. కరెంటాయన వచ్చి బొత్తాం నొక్కాడు. ప్లగ్గులు ఒక్కొక్కటే పీకి చూసి, చెడిపోయిన మిషన్ని పట్టుకుని బయటికి తోసుకుపోయాడు. రోగికి ఏమీ కాలేదు. నడవాలో సూపరింటెండెంట్ ఎదురై “ఏంటమ్మా ఆ గోల?” అంటే, మన సిస్టర్, అదే కోడలు, మురిసిపోతూ “మా ఆయన వచ్చి ఆపేశారు సార్” అంది.

ఆయన చెవికి అది ‘డబ్బానే ఆపేశాడు’ అని వినిపించింది. కాపలా లేకుండా ఆపరేషన్ జరగనిచ్చాడా అని మండిపడి, విచారణ అయ్యేదాకా కరెంటాయన్ని ఇంట్లో కూర్చోమన్నాడు. నేరం రుజువైతే ఉద్యోగం పోయినట్టే. లోపలున్న మిగతావాళ్ళు బల్లవైపు చూశారు తప్ప గోడవైపు చూడలేదు కాబట్టి సాక్షులూ లేరు. సిస్టర్ పరిగెత్తుకెళ్ళి అసలు సంగతి చెబితే, “అప్పుడు చెప్పింది మా సిస్టరు. ఇప్పుడు చెబుతోంది అతని భార్య. నేను ఎవర్ని నమ్మాలమ్మా?” అని ఎదురడిగాడు.

ఇంటికొచ్చాక మొగుడూ నమ్మలేదు. అదీ ఆమె బాధ. ఊరంతా నమ్మకపోయినా ఫరవాలేదు గానీ, పక్కన పడుకునే మనిషి నమ్మకపోతే ఎవరితో చెప్పుకుంటుంది?

“సరే,” అంది అత్తగారు. “ఆపరేషన్ చేయించుకుంటా. కానీ ఇదిగో, అమ్మాయి లోపల నా తల దగ్గరుండాలి. నువ్వు తలుపు బయట ఉండాలి.”

“నన్ను ఆస్పత్రిలో అడుగు పెట్టొద్దన్నారమ్మా.”

“కరెంటువాడుగా వద్దన్నారు. కొడుకుగా రా. నా కొడుకుని రావద్దనడానికి ఆ సూపరింటెండెంట్ ఎవడు?” అని ఒంటికాలి మీద లేవబోయి, రెండు మోకాళ్ళూ మొరాయిస్తే “అబ్బా!” అని కొడుకు భుజం మీద పడింది. కోడలు రెండో వైపు పట్టుకుంది. అలా ఆవిడ పుణ్యమా అని ముగ్గురూ ఒకే మెట్టు మీద అడుగేశారు.

టాక్సీలో అత్తగారు ముందు కూర్చుంది. వెనక మొగుడికీ పెళ్ళానికీ మధ్య సంచీ కూర్చుంది. దారి పొడుగునా మాట్లాడింది టాక్సీవాడొక్కడే.

*

నడుముకి ఇంజెక్షన్ ఇచ్చి, కింది సగం మాత్రమే మొద్దుబార్చారు. అత్తగారి నోరు పై సగంలో ఉంది కాబట్టి దానికి ఏ లోటూ రాలేదు.

“డాక్టరుగారూ, కొలత సరిగ్గా తీసుకున్నారా? తర్వాత పొట్టయిందంటే విప్పి కుట్టడానికి ఇదేం జాకెట్టు కాదు.”

“తీసుకున్నానమ్మా,” అన్నాడు ఎముకల డాక్టరు తెర అవతలినుంచి.

“మంచిది. అమ్మాయ్, చలేస్తోంది.”

కోడలు గది మూల నుంచి వెచ్చటి గాలి ఊదే మిషన్ తెచ్చి, గొట్టం దుప్పటి కిందికి దూర్చి, ప్లగ్గు తగిలించింది. అత్తగారి ముఖంలో కాస్త హాయి కనిపించింది.

“పాటలు పెట్టమంటారా అమ్మా? నాకు పాట లేందే చెయ్యి ఆడదు,” అన్నాడు డాక్టరు.

“పెట్టండి. మీరు మాత్రం పాడకండి.”

మత్తు డాక్టరు నవ్వు ఆపుకోలేక అటు తిరిగాడు. కోడలు పాటల పెట్టె కూడా తగిలించింది. కరెంటాయన ఉండుంటే ఆ పెట్టెని చూసి ముఖం చిట్లించేవాడు. ఇప్పుడు అతనికి బదులు బయటి కంపెనీనుంచి ఎవరో వస్తున్నారు. అతని పేరే బదులాయన అయిపోయింది.

రంపం చప్పుడు మొదలైంది. అత్తగారు కళ్ళు మూసుకుంది. కోడలు ఆవిడ భుజం మీద చెయ్యేసింది. కొంతసేపు అంతా బాగానే జరిగింది.

ఉన్నట్టుండి గోడమీద డబ్బా కూసింది.

అందరూ ఉలిక్కిపడ్డారు. పచ్చదీపం లేదు. ఎర్రదీపం వెలుగుతోంది. అదే గది, అదే కూత. ఈసారి బల్ల మీదున్నది సొంత మనిషి.

బదులాయన తలుపు సందులోంచి తల పెట్టాడు. “సార్, మెయిన్ తీసేయమంటారా?”

“వద్దు,” అన్నాడు డాక్టరు తల ఎత్తకుండా. “తీస్తే నా చేతిలో రంపం ఆగుతుంది, రక్తం పీల్చే మిషన్ ఆగుతుంది. అది మొదటి హెచ్చరికే. కరెంటు జోలికి ఎవరూ పోకండి. సిస్టర్, చివర తగిలించింది ఏంటో అక్కణ్ణుంచి మొదలుపెట్టి చూడండి. ముందా కూత ఆపండి, నాకు చెయ్యి కుదరడం లేదు.”

కోడలు డబ్బా దగ్గరికి వెళ్ళింది. బొత్తాం మీద వేలు పెట్టింది. పెట్టిన వేలు అక్కడే ఉండిపోయింది. వారం నుంచీ తన ఇంట్లో పొయ్యి వెలిగినా మాట వెలగకపోవడానికి కారణం ఈ బొత్తామే. ఇప్పుడు తను నొక్కితే రేపు దాన్ని ఎవరు ఏమని చెబుతారో!

“కూత ఒక్కటే ఆపుతున్నాను!” అని అరిచింది. “అందరూ చూడండి! ఎర్రదీపం వెలుగుతూనే ఉంది! డబ్బా పని చేస్తూనే ఉంది! ఆపింది కూత ఒక్కటే!”

బొత్తాం నొక్కింది. కూత టక్కున ఆగిపోయింది.

“తెలుసమ్మా. అంత అరవక్కర్లేదు,” అన్నాడు డాక్టరు.

“అరవనీయండి డాక్టరుగారూ,” అంది అత్తగారు కళ్ళు తెరిచి. “అది మీకు చెప్పడం లేదు. తలుపవతల ఉన్నవాడికి చెబుతోంది.”

కోడలు పాటల పెట్టె ప్లగ్గు పీకింది. ఎర్రదీపం అలాగే ఉంది.

“పాటేం పాపం చేసింది?”

“కాసేపు మాట్లాడకండి అత్తయ్యా.”

గాలి మిషన్ ప్లగ్గు పీకింది. ఎర్రదీపం ఆరింది. పచ్చదీపం వెలిగింది.

ఆమె ఒక్క క్షణం గోడకి ఆనుకుంది. తర్వాత వంగి గాలి మిషన్ తీగ చూసింది. ఎప్పుడో ఏ బండి చక్రం కిందో పడి, ఒకచోట నలిగి, పైతోలు చిట్లి ఉంది.

“దొరికింది సార్. గాలి మిషన్ తీగ.”

“బయట పెట్టించండి. ఎవరూ మళ్ళీ వాడకుండా చూడండి. అమ్మా, మీకు దుప్పట్లు ఎక్కువ కప్పిస్తాను, సరేనా?”

“కప్పించండి. నాకిప్పుడు చలి లేదు. భయానికి చెమటలు పోశాయి,” అంది అత్తగారు. తర్వాత కోడలికి మాత్రమే వినపడేలా, “చెయ్యి ఇలా ఇవ్వు,” అని ఆమె వేళ్ళు గట్టిగా పట్టుకుంది.

*

లోపల కూత మొదలవక ముందునుంచే తలుపు బయట కరెంటాయన గోళ్ళు కొరుక్కుంటూ నిలబడి ఉన్నాడు. లోపలి డబ్బాకి జంటగా తలుపు పైన కూడా ఒక దీపం ఉంటుంది. లోపల పచ్చ అయితే బయటా పచ్చ, లోపల ఎరుపైతే బయటా ఎరుపు.

కూత మొదలవగానే అతను తలుపుదాకా వెళ్ళి ఆగిపోయాడు. లోపల తల్లి ఉంది. పెళ్ళాం ఉంది. తనకి లోపలికి వెళ్ళే హక్కు లేదు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలీక తలుపు చట్రం పట్టుకున్నాడు.

కూత విని సూపరింటెండెంట్ గబగబా వచ్చాడు. “నువ్వు ఇక్కడేం చేస్తున్నావు?”

“లోపల మా అమ్మండి.”

ఇంతలో లోపలినుంచి సిస్టర్ అరుపు వినపడింది. కూత టక్కున ఆగింది.

“ఆపేసిందా?” అన్నాడు సూపరింటెండెంట్ ముఖం ఎర్రగా చేసుకుని. “మళ్ళీ డబ్బా ఆపేశారా?”

“పైకి చూడండి సార్.”

ఆయన చూశాడు. కూత లేదు. ఎర్రదీపం మాత్రం వెలుగుతూనే ఉంది.

“డబ్బా ఆపేస్తే ఆ దీపం వెలగదండి. ఇప్పుడు లోపల చెడిన మిషన్ కోసం వెతుకుతున్నారు. దొరికితే పచ్చ వస్తుంది. కాస్త ఆగండి.”

ఇద్దరూ తలలెత్తుకుని నిలబడ్డారు. ఒకరు పెద్ద డాక్టరు, ఒకరు ఇంటికి పంపేసిన ఉద్యోగి. ఇద్దరి మెడలూ ఒకే రకంగా నొప్పెట్టాయి.

పచ్చదీపం వెలిగింది.

కరెంటాయన కళ్ళనిండా నీళ్ళు తిరిగాయి. తుడుచుకోవాలని కూడా అనిపించలేదు అతనికి. సూపరింటెండెంట్ జేబురుమాలు తీసి తన నుదురు తుడుచుకున్నాడు.

“ఆ రోజు కూడా ఇదేనా?” అన్నాడు కాసేపటికి.

“ఇదేనండి.”

“నీ భార్య తర్వాత వచ్చి చెప్పిందయ్యా. నిన్ను కాపాడుకోడానికి చెబుతోందనుకున్నాను.”

కరెంటాయన తలొంచుకున్నాడు. “నేనూ అదే అనుకున్నానండి. నోరు జారి, తర్వాత సర్దుకుంటోందని.”

*

మధ్యాహ్నానికి అత్తగారిని విశ్రాంతి గదిలోకి మార్చారు. మోకాలు కట్టుతో దిండంత లావుగా ఉంది. ఎముకల డాక్టరు వచ్చి అంతా బాగా కుదిరిందనీ, రేపే నిలబెడతామనీ చెప్పి వెళ్ళాడు. కిటికీలోంచి ఎండ మంచం మీద పడుతోంది. ఆ ఇంటివాళ్ళు వారం తర్వాత మొదటిసారి గుండెలనిండా ఊపిరి పీల్చుకున్నారు.

సూపరింటెండెంట్ గుమ్మంలో నిలబడి దగ్గాడు.

“రేపట్నుంచి డ్యూటీకి వచ్చేయవయ్యా. విచారణ ముగిసింది. నేనే పొరబడ్డాను.” తర్వాత సిస్టర్ వైపు తిరిగాడు. “కానీ అమ్మా, తప్పులో సగం నీదే. కర్త చెప్పావు, క్రియ చెప్పావు. కర్మ చెప్పలేదు. ఆ కర్మ కాస్తా మీ ఆయన అనుభవించాడు.”

అందరూ నవ్వారు. అత్తగారు నవ్వబోయి, కుట్లు లాగినట్టుంటే “నన్ను నవ్వించకండి బాబూ” అని మూలిగింది. ఆయన వెళ్ళాక కూడా నవ్వు కాసేపు గదిలోనే ఉంది.

కోడలు కొంగుతో కళ్ళొత్తుకుంటూ మొగుడి పక్కన బల్ల మీద కూర్చుంది. ఇద్దరి మధ్యా సంచీ లేదు.

“వినపడిందా నా అరుపు?” అంది మెల్లగా.

“పై అంతస్తుకి కూడా వినపడుంటుంది.”

“ఈసారి కర్మతో సహా చెప్పాను.”

“విన్నాను,” అని అతను ఆమె చెయ్యి తన చేతిలోకి తీసుకున్నాడు. ఆ చెయ్యి ఇంకా చల్లగానే ఉంది. బొటనవేలితో రుద్దుతూ కూర్చున్నాడు. వారం నుంచీ ఎదురుచూసిన నిమిషం ఇదే అనుకుంది ఆమె. ఇక అడగడానికి ఏమీ లేదనిపించింది.

“రేపు పొద్దున కలిసే వద్దాం,” అంది. “అత్తయ్యకి కావలసినవి తెచ్చి ఇచ్చి, ఇట్నుంచి ఇటే డ్యూటీకి వెళ్ళిపోదాం.”

అతను చెయ్యి రుద్దడం ఆపాడు.

“రేపు నేను డ్యూటీకి రాను,” అన్నాడు.

“ఇంకా కోపమేనా?”

“కోపం లేదు. ఒట్టు. దూరంగా కొత్త ఆస్పత్రి ఒకటి కడుతున్నారు. వాళ్ళు కబురు పెట్టారు. థియేటర్లన్నింటికీ పునాది దగ్గర్నుంచీ కరెంటు పని నేనే చేయించాలి. ఇలాంటి పని నాకు మళ్ళీ దొరకదు. మాటిచ్చేశాను. వచ్చే వారమే వెళ్ళాలి.”

“రోజూ వెళ్ళి రావచ్చా?”

“రాలేను. అక్కడే ఉండాలి. నీ ఉద్యోగం ఇక్కడ, అమ్మ ఈ కాలితో ఇక్కడ…”

ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది. “నన్నడక్కుండానే మాటిచ్చేశారా?”

“మనకి మాటల్లేవుగా.”

“మాటల్లేకపోతే అత్తయ్య లేదూ? ఆవిడ చేతైనా ఒక్క మాట చెప్పించకూడదా? ఇంత పెద్ద సంగతి ఇంట్లో ఒక్క మనిషికి కూడా చెప్పాలనిపించలేదా మీకు?”

అతను తల్లి వైపు చూశాడు.

అత్తగారు నిద్రపోవడం లేదు. కళ్ళు మూసుకునే ఉంది.

“నాకు చెప్పాడమ్మాయ్,” అంది. “నన్నడిగాకే మాటిచ్చాడు. నేనే వెళ్ళమన్నాను.”

“మీరా?”

“ఆఁ. ఉద్యోగం ఎలాగూ పోతుందనుకున్నాను. దానికి కారణం నువ్వేననుకున్నాను. నీ పక్కనుంచి వాడు కొంతకాలం దూరంగా ఉంటేనే మేలనిపించింది.” ఆవిడ కళ్ళు తెరిచి కోడలి వైపు చూసింది. “నీ మాట నేను నమ్మలేదు తల్లీ. ఇవాళ పొద్దున నిన్ను తల దగ్గరుండమన్నప్పుడు కూడా పూర్తిగా నమ్మలేదు. డబ్బా దగ్గర నువ్వు అరిచావే, అప్పుడు నమ్మాను.”

నడవాలో ఏదో బండి చక్రాల చప్పుడు దగ్గరగా వచ్చి, దాటిపోయింది.

కోడలు లేచి అత్తగారి మీద జారిన దుప్పటి పైకి లాగింది. అంచులు సర్దింది. సర్దాల్సిన దానికంటే ఎక్కువసేపే సర్దింది. తర్వాత మొగుడివైపు తిరిగింది.

“అత్తయ్య నమ్మకపోవడం సరే,” అంది. “దీపం చూశాక ఇప్పుడు అందరూ నమ్ముతున్నారు. దీపం వెలగకపోయి ఉంటే మీరు నమ్మేవారా?”